ఫైరింజను పెట్టిన మంట

నన్ను "ఫైరింజనూ" అని పిలిచే మనిషి ఈ లోకం మొత్తానికి ఒక్కరే, మా బావగారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇప్పటికీ వాన మొదలై, వీధిలో ఎవరో గొడుగు టప్పున విప్పిన చప్పుడు వినబడితే, వెనక నుంచి ఆ పిలుపు వస్తుందేమోనని తల తిప్పుతాను. అరవై దాటినదానికి, మనవల్ని ఎత్తినదానికి ఫైరింజనేమిటి, వయసుకు తగ్గ పేరేనా అంటారేమో. అననివ్వండి. ఆ పేరు నాకు ఊరికే రాలేదు.

మా అత్తవారిది గొడుగుల కొట్టు. ముందు గదిలో కొట్టు, వెనక మూడు గదుల్లో మేము. కమ్ములు బావగారివి, గుడ్డ మా ఆయనది. అన్నగారు ఇనుప కమ్ములు వంచి, చిల్లులు వేసి, తీగతో బిగించి గొడుగుకి ఎముకలు తయారుచేస్తే, తమ్ముడు గుడ్డని ఎనిమిది ముక్కలుగా కత్తిరించి, కుట్టి, దానికి చర్మం తొడిగేవారు. ముక్క నూలుపోగంత తేడా వచ్చిందా, విప్పిన గొడుగు అలిగిన పెళ్లాంలా ఓ పక్కకి మూతి తిప్పుకుంటుంది.

ఆ ఇంట్లో మామగారి కాలం నుంచీ ఒక ఆనవాయితీ ఉండేది. ఆ ఏటి వానల్లో వందో గొడుగు పూర్తయిన సాయంత్రం అందరం కలిసి కూర్చుని భోంచెయ్యాలి. బంగాళాదుంప కూరిన పిండి ఉండలు వేయిస్తారు, మనిషికి రెండు. వాటిలో ఒక్కదాంట్లో మాత్రం దుంపకి బదులు పచ్చిమిరపకాయల ముద్ద ఉంటుంది. పైకి అన్నీ ఒకేలా కనబడతాయి. అది ఎవరి పళ్లెంలో పడితే వాళ్లు కిక్కురుమనకుండా తినాలి, మంచినీళ్లు ముట్టకూడదు. పళ్లేలు ఖాళీ అయ్యాక అది ఎవరికి వచ్చిందో మిగతావాళ్లు కనిపెట్టాలి. కనిపెట్టలేకపోతే తిన్నవాళ్లదే గెలుపు. గెలిచినవాళ్లు ఒక్క కోరిక కోరుకోవచ్చు, అదేదైనా సరే ఇంట్లో ఎవరూ కాదనకూడదు. ఒక ఏడు మా అక్క, అంటే నా తోటికోడలు, గెలిచి నెల్లాళ్లు వంటింటి గడప తొక్కనంది. తొక్కలేదు. ఆ నెల్లాళ్లూ బావగారు వండింది తిని మా అత్తయ్య చిక్కి సగమైందట.

నేను కాపురానికి వచ్చిన ఏడు అది నేరుగా నా పళ్లెంలోనే పడింది. ఒక్క కొరుకు కొరికానో లేదో, గావుకేక పెట్టి, పెరట్లో కుళాయి దగ్గరికి లంఘించి, కొత్త చీరతో సహా దాని కింద చతికిలబడ్డాను. బావగారు గుమ్మంలో నిలబడి, "ఒరే, మనింటికి కోడలు రాలేదురా, ఫైరింజను వచ్చింది! గంట కొట్టుకుంటూ ఎలా వెళ్లిందో చూశావా?" అన్నారు. ఇక అంతే, నా అసలు పేరు ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

నేను చెప్పబోయేది మూడో ఏటి వానాకాలం సంగతి.

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. వాటితోపాటే మా ఆయనకి ఓ ఉత్తరం వచ్చింది. దూరంగా ఇంకో పట్నంలో రెయిన్‌కోట్ల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరుగా రమ్మని, రెండు నెలల్లో చేరమని. ఉత్తరం జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగారు. నాలుగో రోజు పొద్దున కొట్లో నోరు విప్పారు. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను.

"అన్నయ్యా, నన్ను రమ్మంటున్నారు. వెళ్దామనుకుంటున్నాను."

బావగారు కమ్మి మీంచి తల ఎత్తలేదు. "గొడుగు కుట్టిన చేత్తో రెయిన్‌కోట్లు కుడతావా?"

"చెయ్యి నాదే కదా అన్నయ్యా."

"చెయ్యి నీదేలే. కత్తెర నాన్నది. పోయేటప్పుడు ఆ మేకుకి తగిలించి పో."

అంతే, పెద్ద కేకలేం లేవు. కానీ ఆ రోజు నుంచి నలభై రోజులు ఆ అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. ఒకే గదిలో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని ఇద్దరూ బెల్లంకొట్టిన రాళ్లలా పనిచేసుకునేవారు. వ్యవహారమంతా బావగారి కూతురి ద్వారా నడిచేది. దానికి తొమ్మిదేళ్లు, పిడుగు అనేవాళ్లం.

"పిడుగూ, రెండు డజన్ల కమ్ములు సిద్ధమని మీ బాబాయికి చెప్పు."

"బాబాయ్, కమ్ములు సిద్ధమట."

"విన్నానని మీ నాన్నకి చెప్పు."

"నాన్నా, విన్నాడట."

పది రోజులు గడిచేసరికి పిడుగు సొంత కవిత్వం కలపడం మొదలుపెట్టింది. "బాబాయ్, కమ్ములు సిద్ధమట. నువ్వు మాట్లాడకపోతే నాన్నకి అన్నం సయించడం లేదట."

"నేనెప్పుడన్నానే ఆ మాట?" అని బావగారు సుత్తి ఎత్తారు.

"అనబోతున్నావుగా నాన్నా!" అని అది లోపలికి పారిపోయింది.

విచిత్రమేమిటంటే, ఆ నలభై రోజుల్లో చేసిన గొడుగుల్లో ఒక్కటి కూడా వంకర పోలేదు. కమ్మి ఎక్కడ ఆగుతుందో గుడ్డకి తెలుసు, గుడ్డ ఎంత లాగుతుందో కమ్మికి తెలుసు. తెలియనట్టు నటించింది ఆ ఇద్దరే.

నా సంగతి అడుగుతారా? నాకు వెళ్లాలని లేదు. ఉన్నమాట చెప్పడానికి సిగ్గెందుకు? ఆ ఇంట్లో పొద్దున్నే సుత్తి చప్పుడు వింటూ లేవడం, అక్కతో కలిసి వంటింట్లో చాటుగా నవ్వుకోవడం, పిడుగుకి జడ వెయ్యడం, ఇవి వదిలి తెలియని ఊళ్లో ఇద్దరమే బిక్కుబిక్కుమంటూ కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదనిపించేది. ఓ సాయంత్రం మా ఆయన చేతులు కడుక్కుంటుంటే ఆ మాటే అన్నాను. ఆయన చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నారు.

"ఈ కొట్లో ఎన్నాళ్లున్నా నేను అన్నయ్య తమ్ముణ్ణేనే. అక్కడ నా చేతి కింద పన్నెండు మంది ఉంటారట. నేనేమిటో ఒక్కసారి చూసుకోవాలని ఉంది" అన్నారు.

నేను ఆయన చేతిలోంచి తువ్వాలు తీసుకుని దండెం మీద ఆరేశాను.

వందో గొడుగు పూర్తయిన రోజు బావగారు దాన్ని విప్పి, ఒకసారి గిర్రున తిప్పి, గోడకి ఆనించారు. ఏటా అయితే ఆ క్షణానికి చప్పట్లు కొట్టేవాళ్లం.

ఏటా ఉండలు కూరే అత్తయ్య చెయ్యి బెణికి కట్టుతో ఉంది. "ఈసారి కూరేది నువ్వేనే. ఎందులో పెట్టావో నాకు కూడా చెప్పకు. కూరిన చేతికి కోరిక లేదు, గుర్తుందిగా?" అంది. నేను తలూపాను. ఆవిడ రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి, "నా పళ్లెంలో పడినా నేనేమీ అనుకోనులే" అని, కిటికీలోంచి వానని చూస్తున్నట్టు నటిస్తూ వెళ్లిపోయింది.

తరవాత అక్క వచ్చింది. వచ్చి, కోయక్కర్లేని ఉల్లిపాయలు కోసింది. "పిల్లా, నేనెప్పుడూ ఇలాంటిది అడగలేదు. ఆ కారపుది మీ బావగారి పళ్లెంలో పడేట్టు చూడవే. తమ్ముడు వెళ్లకూడదని కోరుకుంటారట. నిద్రపోవడం లేదే ఆ మనిషి, కప్పు చూస్తూ పడుకుంటున్నారు."

నా ప్రాణం లేచొచ్చింది. నా మనసులోదే ఇంకొకరి నోట వింటే ఎలా ఉంటుంది మరి? అక్కకి కన్నుగీటాను. అక్క కళ్లు తుడుచుకుని, నెపం ఉల్లిపాయల మీదికి నెట్టేసి వెళ్లింది.

ఆవిడ ఇటు వెళ్లిందో లేదో అటు నుంచి మా ఆయన. వంటింటి గడప దాటి లోపలికి రాని మనిషి, చెంబు వెతుక్కుంటున్నట్టు వచ్చారు. చెంబు చేతిలోనే ఉంది.

"అది నాకు పెట్టు" అన్నారు మెల్లగా. "నన్ను నవ్వుతూ పంపించమని అన్నయ్యని అడుగుతాను. రేపటిలోగా వాళ్లకి జవాబు రాయాలి. అన్నయ్య ఇలా మొహం తిప్పుకునుంటే నేను వెళ్లలేనే. ఉండనూ లేను."

చివర్లో పిడుగు నా కొంగు పట్టుకుంది. "పిన్నీ పిన్నీ, నాకు పెట్టవూ? ఈ పోస్టుమాను ఉద్యోగం మానేస్తానని కోరుకుంటా. నా గొంతు పోయింది."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. బావగారి పళ్లెంలో పెడితే నా కోరిక తీరుతుంది, మా ఆయన బతుకంతా లోలోపల కుమిలిపోతారు. ఆయన పళ్లెంలో పెడితే ఆయన వెళ్తారు, నేనూ మూట కట్టుకుంటాను. ఓ ఇంటి భవిష్యత్తుని పచ్చిమిరపకాయ ముద్ద మీద పెట్టి నా చేతికిచ్చారు, చూశారా! నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే ఒళ్లుమంట వచ్చింది. ఆ వెనకాల, ఏం చెప్పమంటారు, కొంటెతనం వచ్చింది.

రెండేళ్లుగా ఫైరింజను ఫైరింజను అని ఆటపట్టించారుగా? ఇవాళ కుళాయి ఎంతమందికి సరిపోతుందో చూద్దాం. అందరికీ పెడతాను. అందరూ కేకలు పెడతారు, ఒకరి మీద ఒకరు పడి పరుగెత్తుతారు, నన్ను తిడతారు, నవ్వుతారు. ఆ గోలలో అన్నదమ్ములు నోరు విప్పక చస్తారా? ఎవరూ గెలవరు, ఎవరి కోరికా తీరదు, మాటలు మాత్రం కలుస్తాయి. మిగతాది తరవాత చూసుకోవచ్చు. ఇదీ నా మాస్టరు ప్లాను.

పన్నెండు ఉండల్లో పదింటికి కారం దట్టించాను. నా కోసం రెండు మాత్రం ఉత్త దుంపవి చేసి, గుర్తుగా పిట్టముక్కులా కొస నొక్కాను. నా త్యాగానికి కూడా ఓ హద్దుంటుంది. వేయించి, పళ్లేల్లో రెండేసి పెట్టి, నాది చివర్న పెట్టుకుని, మంచినీళ్ల బిందె తేవడానికి పెరట్లోకి వెళ్లాను. ఆ రెండు నిమిషాల్లో పళ్లేలు అక్క వడ్డించేసింది.

కూర్చున్నాం. బయట వాన చూరు మీద దరువేస్తోంది. నేను ధీమాగా నా ఉండ తీసి కొరికాను.

నాలుక మీద నిప్పు పడింది. కొరికింది చేతిలో తిప్పి చూశాను. ముక్కు లేదు. రెండోది చూశాను, దానికీ లేదు. నా ఉండలు ఎవరి పళ్లెంలోకో పోయాయి! కేక గొంతుదాకా వచ్చింది. కానీ కూరినదాన్ని నేనే కేక పెడితే దొంగతనం బయటపడదూ? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, ముందు ఎవరో ఒకరు అరవకపోతారా అని చుట్టూ చూశాను.

ఒక్కరూ అరవలేదు.

అత్తయ్య కళ్లు మూసుకుని, పెదాలు బిగించి, కట్టు కట్టిన చేత్తో మోకాలు గట్టిగా పట్టుకుంది. అక్క ముఖం కందగడ్డ అయింది, కప్పులో ఏదో కొత్తగా కనబడినట్టు పైకి చూస్తోంది. పిడుగు గౌను అంచు నోట్లో కుక్కుకుంది, చెంపల మీద ధారలు. మా ఆయన మెడ నరాలు తాళ్లలా లేచాయి, అయినా నమిలి నమిలి మింగుతున్నారు. బావగారు తల వంచుకుని నెమ్మదిగా తింటున్నారు. ఆయన ముక్కు కొసనుంచి ఓ నీటిబొట్టు పళ్లెంలో పడింది, దాని వెనకే ఇంకోటి.

అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి. ఇక్కడ ప్రతివాళ్లూ ఫైరింజను నా మాటే మన్నించింది అనుకుంటున్నారు! కోరిక కోసం ఒక్కొక్కరూ మంటని మింగుతున్నారు. నేను నవ్వించాలనుకున్నాను, వాళ్లేమో మొక్కు తీర్చుకుంటున్నట్టు తింటున్నారు. నా కళ్లలో నీళ్లు కారానివో ఇంకెందుకో నాకే తెలియలేదు. నా జీవితంలో మొదటిసారి, నేను కూడా రెండూ కిక్కురుమనకుండా తిన్నాను.

పళ్లేలు ఖాళీ అయ్యాయి. "ఎవరికి... వచ్చిందో... చెప్పండి" అని అత్తయ్య బొంగురు గొంతుతో అడిగింది. ఎవరి నోరూ పెగల్లేదు.

"ఎవరూ చెప్పలేదుగా?" అన్నారు బావగారు, గంటలాంటి గొంతుతో. "అయితే నేనే గెలిచాను. నాకే వచ్చింది."

"నీకెలా వస్తుంది అన్నయ్యా?" మా ఆయన గొంతు గీరుకుంటూ బయటికొచ్చింది. "నాకొస్తేనూ!"

పిడుగు అలవాటు చొప్పున, "నాన్నా, బాబాయి ఏమంటున్నాడంటే..." అని మొదలుపెట్టింది.

"విన్నానే!" అన్నారు బావగారు.

"అదేమిటి, నాక్కదా వచ్చింది?" అంది అక్క. "నాకూ!" అంది పిడుగు. అత్తయ్య ఏమీ అనలేక తన నోరు చూపించుకుంది. అప్పుడు ఆ ఐదు జతల కళ్లూ ఒక్కసారిగా నా మీదికి తిరిగాయి.

"ఫైరింజనూ!" అని అక్క లేచింది. ఆ తరవాత గోల వర్ణించడం నా తరం కాదు. ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ కుళాయి దగ్గరికి పరుగు. అత్తయ్య అందరికన్నా ముందుంది. పంచదార డబ్బా ఖాళీ అయింది. పిడుగు నాలుక బయటపెట్టి వాన కింద నిలబడింది. నలభై రోజుల తరవాత ఆ ఇంట్లో నవ్వు వినబడింది.

బావగారు మాత్రం కుళాయి దగ్గరికి రాలేదు. కూర్చున్నచోటే కూర్చుని, నీళ్లు కారుతున్న ముఖంతో తిరిగొచ్చిన తమ్ముణ్ణి చూస్తున్నారు. మా ఆయన పెదాలు వాచిపోయి ఉన్నాయి.

"అందరూ గెలిచారు, అందరికీ కోరికలున్నాయి" అని అత్తయ్య తీర్పు చెప్పింది. "పెద్దవాడు ముందు. అడుగు."

అక్క నావైపు చూసింది. నేను నేల చూశాను. వెళ్లొద్దనండి బావగారూ, ఒక్క మాట అనండి, కాదనడానికి ఎవరికీ వీల్లేదు అని మనసులో దణ్ణాలు పెడుతున్నాను.

"రెండూ తిన్నావురా?" అన్నారు బావగారు.

"రెండూ."

"నీళ్లు తాగకుండా?"

"నువ్వు మాత్రం తాగావా ఏంటి?"

బావగారు లేచి ముందు గదిలోకి వెళ్లారు. మేకు మీంచి కత్తెర తీసిన చప్పుడు వినబడింది. దాన్ని చొక్కా అంచుతో తుడుచుకుంటూ వచ్చి, తమ్ముడి ముందు పెట్టారు.

"నా కోరిక. నాన్న కత్తెర వీడు పట్టుకెళ్లాలి."

"ఏవండీ!" అంది అక్క.

"కాదనకూడదు" అన్నారు బావగారు.

మా ఆయన కత్తెర ముట్టుకోలేదు, ఏడ్చేశారు. "కారం" అన్నారు. ఎవరూ కాదనలేదు. కాసేపటికి తేరుకుని, "ఏటా వందో గొడుగు గుడ్డ నేనే కుడతాను. ఎక్కడున్నా వస్తాను. ఇదీ నా కోరిక" అన్నారు. పిడుగు పోస్టుమాను ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. అత్తయ్య, అక్క తమ కోరికలు తరవాత అడుగుతామని దాచుకున్నారు. కూరిన చేతికి కోరిక లేదు కాబట్టి నేను పళ్లేలు తీశాను.

బావగారి పళ్లెం అంచున గట్టిగా వేగిన పిండి ముక్క ఒకటి మిగిలి ఉంది. పిట్టముక్కు. దానికి అంటుకుని తెల్లగా, ఉత్త దుంప.

పళ్లెం పట్టుకుని వంటింటి నేల మీద కూలబడ్డాను. నా గుర్తు చూసి, అదే కారపుదనుకుని, అక్క నా పళ్లెం తీసుకెళ్లి మొగుడి ముందు పెట్టింది! ఆయన కారం తినలేదు. అబద్ధం చెప్పి గెలుద్దామనుకున్నారు, తమ్ముడు వెళ్లకుండా ఆపడానికి. ఆ తమ్ముడు నిజంగానే మంట మింగి ఎదురుగా నిలబడేసరికి ఆయనకి నోరు రాలేదు. అందరి గొంతులూ బొంగురుపోతే ఆయన గొంతు ఒక్కటే ఎందుకంత స్వచ్ఛంగా ఉందో అప్పుడు అర్థమైంది. మరి పళ్లెంలో పడిన ఆ నీటిబొట్లు? కారం లేకుండా వచ్చినవి. ఆ ముక్క నోట్లో వేసుకుని, నాకున్నంత ఏడుపూ ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు. నోట్లో నువ్వుగింజ నానదని పేరుపడ్డదాన్ని, ఆయన పోయేదాకా ఆ ఒక్కటి దాచాను.

వానలు వెనకబట్టకముందే మేం వెళ్లిపోయాం. మరుసటి ఏడు వందో గొడుగు నాటికి, మాటిచ్చినట్టే, వచ్చాం. అత్తయ్య చెయ్యి నయమైనా కూరే పని మళ్లీ నాకే అప్పజెప్పింది. ఉండలు చుడుతుంటే గుమ్మంలో నీడ పడింది. బావగారు.

"ఫైరింజనూ, ఈసారి అది నా పళ్లెంలో పెట్టమ్మా."

"ఏం కోరుకుంటారు బావగారూ?"

"ఏమీ కోరుకోను. పోయినేడు తినాల్సింది మిగిలిపోయింది." చుట్టిన ఉండ ఒకటి అటూ ఇటూ తిప్పి చూసి, "ముక్కున్న ఉండలు రుచిగానే ఉన్నాయి కానీ, కారమే తక్కువ" అన్నారు.

నేను తల ఎత్తలేదు. ముద్ద కాస్త పెద్దదే పెట్టాను.

ఆ సాయంత్రం ఆయన ఒక్క కొరుకు కొరికి, వీధి చివరిదాకా వినబడేలా కేక పెట్టి, పెరట్లోకి పరుగెత్తి, చొక్కాతో సహా కుళాయి కింద కూర్చున్నారు. అత్తయ్య, అక్క, పిడుగు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నేను పంచదార డబ్బా మీద గరిటెతో గంట కొట్టుకుంటూ వెళ్లాను. బావగారు ముఖం పైకెత్తారు. కళ్లూ ముక్కూ ఏకధారగా కారుతున్నాయి.

"ఇప్పుడు సరిపోయిందమ్మా" అన్నారు.

వెనక నుంచి మా ఆయన వచ్చారు. ఆ మధ్యాహ్నమే కుట్టిన వందో గొడుగు విప్పి అన్నయ్య తల మీద పట్టుకుని నిలబడ్డారు. కుళాయి కింద కూర్చున్నవాడికి గొడుగెందుకని ఎవరూ అడగలేదు.